రిపీటర్ల ఆవర్జా: సొంత నమోదులపై చర్చ ఎక్కడ మొదలై ఎక్కడ నిలిచింది

అమెచ్యూర్ రేడియో అనేది లాభాపేక్ష లేకుండా, స్వయంశిక్షణకూ సాంకేతిక ప్రయోగాలకూ పరస్పర సంభాషణకూ పరిమితమై, ప్రభుత్వ లైసెన్సుతో సాగే రేడియో సేవ. ఇందులో పాల్గొనేవారిని హామ్‌లు అంటారు. హామ్ చేతిలో ఉండే చిన్న సెట్‌కు మామూలుగా ఐదు వాట్ల శక్తి ఉంటుంది. భూమి వంపు, కొండలు, కట్టడాలు అడ్డుపడడంతో నేల మీద నిలబడి దానితో పంపిన మాట కొద్ది కిలోమీటర్లకే ఆగిపోతుంది. ఈ లోటు తీర్చడానికి ఎత్తైన చోట నిలిపే స్టేషన్ రిపీటర్. ఒక ఫ్రీక్వెన్సీలో విన్న మాటను అది ఆ క్షణంలోనే మరో ఫ్రీక్వెన్సీలో, ఎక్కువ శక్తితో తిరిగి ప్రసారం చేస్తుంది కాబట్టి, ఒకరికొకరు నేరుగా వినిపించని ఇద్దరు దాని ద్వారా మాట్లాడుకోగలుగుతారు.

తన ఊరి చుట్టూ వినిపించే రిపీటర్లలో మేలైనవాటిని ఎంచి వాటి వివరాలు ఒకచోట రాసిపెట్టుకోవడం హామ్‌లకు చాలా కాలంగా ఉన్న అలవాటు. పైకి ఇది చిన్న పనే. అయితే ఆ నమోదులో ఏముండాలి, అది పుస్తకంలో ఉండాలా సెట్ మెమరీలో ఉండాలా, అందరూ కలిసి పోగుచేసిన పట్టికలు ఇంటర్నెట్‌లో దొరుకుతుండగా సొంత జాబితాకు పనేమిటి అనే ప్రశ్నలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని, డిజిటల్ రిపీటర్లు వచ్చాక మరింత చిక్కుపడ్డాయి. ఆ చిక్కును పోగులుగా విడదీయడానికి ఈ సమీక్ష కోలారు జిల్లా బంగారుపేట తాలూకాలోని బూదికోటను నిలబడి చూసే చోటుగా ఎంచుకుంటున్నది. బెంగళూరు నగరం ఇక్కడికి సరళరేఖలో అరవై కిలోమీటర్లకు కాస్త లోపు; ఆంధ్రప్రదేశ్‌లోని కుప్పం సుమారు ముప్పై, తమిళనాడులోని కృష్ణగిరి నలభైకి కొంచెం పైన. మూడు రాష్ట్రాల తరంగాలు కలిసే ఇలాంటి చోట రిపీటర్ల జాబితా ఒక నగరవాసి జాబితాలాగా తేలికగా తేలదు.

నమోదులో ఉండవలసిన అంకెలు

రిపీటర్‌ను వాడాలంటే కనీసం మూడు సంగతులు తెలియాలి. మొదటిది దాని మాట వినిపించే ఫ్రీక్వెన్సీ, అంటే అవుట్‌పుట్. రెండవది హామ్ తన మాట పంపవలసిన ఫ్రీక్వెన్సీ, అంటే ఇన్‌పుట్. ఈ రెండింటి మధ్య తేడాను ఆఫ్‌సెట్ అంటారు, రెండు మీటర్ల బ్యాండ్ అనే ఫ్రీక్వెన్సీల శ్రేణిలో ఇది సాధారణంగా 600 కిలోహెర్ట్జ్. మూడవది టోన్: మాటతో పాటు చెవికి పట్టనంత మంద్రంగా వెళ్లే ధ్వని, 67 నుంచి సుమారు 250 హెర్ట్జ్ దాకా నిర్ణీత విలువల్లో ఒకటి. ఆ టోన్ వినిపిస్తేనే తలుపు తీసేలా చాలా రిపీటర్లను అమరుస్తారు, దారిన పోయే రొద వాటిని మేల్కొలపకుండా. కొన్ని రిపీటర్లు టోన్‌ను వినడమే కాక తామూ పంపుతాయి. ఆ తేడా రాసుకోనివారు తర్వాత ఎప్పుడో సెట్ మూగబోయిందనుకుని యాంటెన్నా విప్పుతుంటారు.

భారతదేశంలో ఈ అంకెలకు మరో పరిమితి ఉంది. ఇక్కడ రెండు మీటర్ల బ్యాండ్ 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకే. అమెరికాలో అది 148 దాకా సాగుతుంది. డెబ్బై సెంటీమీటర్ల బ్యాండ్ ఇక్కడ 434 నుంచి 438 దాకా, అంటే మొత్తం వెడల్పు నాలుగు మెగాహెర్ట్జ్. అమెరికాలో ఆ బ్యాండ్‌లోని రిపీటర్లకు వాడుకలో ఉన్న ఆఫ్‌సెట్ ఐదు మెగాహెర్ట్జ్. నాలుగులో ఐదు పట్టదు. విదేశీ మార్కెట్ కోసం తయారైన సెట్‌లో ముందే నింపిన విలువలనో, అక్కడివారి ఫైల్‌నో యథాతథంగా తెచ్చుకుంటే జాబితా పనికిరాకపోవడమే కాదు, లైసెన్సు అనుమతించని చోట ప్రసారం చేసే ప్రమాదం కూడా ఉంది. సొంత నమోదు అవసరమా అనే వాదానికి ఇది మొట్టమొదటి జవాబు, నిజానికి అతి తక్కువగా వినిపించే జవాబు.

లాగ్ పుస్తకం నుంచి మెమరీ దాకా

హామ్‌ల నమోదు సంప్రదాయం రిపీటర్ల కంటే చాలా పాతది. ఎప్పుడు, ఏ ఫ్రీక్వెన్సీలో, ఎవరితో మాట్లాడిందీ వరుసగా రాసే లాగ్ పుస్తకం చాలా దేశాల్లో లైసెన్సు షరతుగా ఉండేది. భారతదేశంలో అమెచ్యూర్ సేవకు ఆధారంగా నిలిచిన 1978 నాటి నియమాలూ లాగ్ ఉంచడాన్ని స్టేషన్ బాధ్యతగానే చూశాయి. అమెరికాలో 1980లలో ఆ నిర్బంధం తొలగినా అలవాటు పోలేదు, ఎందుకంటే అప్పటికే లాగ్ చట్టం కోసమే కాక పతకాల కోసం కూడా రాస్తున్నారు: దూర దేశాలను అందుకున్నట్టు రుజువు చూపితే ఇచ్చే డీఎక్స్‌సీసీ వంటి గుర్తింపులకు లాగే ఆధారం.

సరిగ్గా ఇక్కడే రిపీటర్ పక్కకు జరిగింది. భూమి మీది రిపీటర్ ద్వారా జరిగిన సంభాషణను డీఎక్స్‌సీసీ లెక్కలోకి తీసుకోదు. మధ్యలో మరో యంత్రం మోసుకెళ్లిన మాట హామ్ సొంత స్టేషన్ సామర్థ్యానికి కొలత కాదన్నది అందులోని తర్కం. తర్కం సబబే. కానీ దాని పర్యవసానంగా లాగ్ రాసే సాఫ్ట్‌వేర్లూ లాగ్‌లను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి మార్చుకోవడానికి 1996లో రూపొందిన ఏడీఐఎఫ్ అనే ఉమ్మడి ఆకృతీ రిపీటర్‌ను ఒక సంభాషణకు తగిలించే చిన్న గుర్తుగానే మిగిల్చాయి. రిపీటర్ తనంతట తానుగా నమోదుకు అర్హమైన వస్తువన్న ఊహ ఆ సంప్రదాయంలో పుట్టలేదు. రిపీటర్ల జాబితాలు లాగ్‌కు బయట, నోటు పుస్తకాల వెనుక అట్టల మీదా చీటీల మీదా పెరగడానికి మూలం ఇదే.

రిపీటర్లు 1950లలో అమెరికాలో మొదలయ్యాయి. టాక్సీలూ పోలీసులూ వాడి పక్కన పడేసిన ఎఫ్‌ఎం సెట్లు తర్వాతి దశాబ్దంలో హామ్‌ల చేతికి చౌకగా రావడంతో అవి వేగంగా పెరిగి, 1972లో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ వాటికి ప్రత్యేక నియమాలు రాయవలసి వచ్చింది. ఆనాటి సెట్‌లో ప్రతి చానెల్‌కూ రెండు క్వార్ట్జ్ స్ఫటికాలు కావాలి, పంపడానికొకటి, వినడానికొకటి. అందుచేత ఒక హామ్‌కు ఇష్టమైన రిపీటర్లు ఏవో తెలుసుకోవాలంటే అతని సెట్ మూత తెరిచి స్ఫటికాలు లెక్కపెడితే సరిపోయేది; జాబితాలో మరో పేరు చేరాలంటే డబ్బు ఖర్చు చేయాలి, కాబట్టి ఎంపిక కఠినంగా ఉండేది. ఫ్రీక్వెన్సీని ఎలక్ట్రానిక్ పద్ధతిలో పుట్టించే సింథసైజర్లు, వాటి వెంటే మెమరీ చానెళ్లు వచ్చాక ఆ ఖర్చు సున్నా అయింది. నేడు అతి చౌక చేతి సెట్‌లో కూడా నూటికి పైగా చానెళ్లకు చోటుంది. చోటు పెరిగిన కొద్దీ ఎంపిక పలచబడింది. "ఇష్టమైన" అనే మాటకు అర్థం సడలింది.

బూదికోట నుంచి వింటే

హైదర్ అలీ జన్మస్థలంగా చరిత్రకెక్కిన బూదికోటకు రేడియో చరిత్రలోనూ ఒక స్థానం ఉంది. వాయిసెస్, మైరాడ సంస్థలు యునెస్కో తోడ్పాటుతో 2000ల తొలి ఏళ్లలో ఇక్కడ "నమ్మ ధ్వని" అనే సామాజిక మాధ్యమ కేంద్రాన్ని నెలకొల్పాయి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, గ్రామీణ సంస్థలకు రేడియో లైసెన్సు ఇచ్చే విధానం అప్పటికి లేదు. అందుకని గ్రామస్థులు, ముఖ్యంగా స్వయం సహాయక సంఘాల మహిళలు తయారుచేసిన కార్యక్రమాలను టీవీ కేబుల్ తీగ మీద ఇళ్లకు పంపారు. స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియో తలుపులు తెరుచుకున్నది 2006 చివర్లో. ఆ దారిలో తెలుగు నేల మీద జహీరాబాద్ ప్రాంతపు సంఘం రేడియో 2008 అక్టోబరులో ప్రసారం మొదలుపెట్టింది. అమెచ్యూర్ రేడియోకూ సామాజిక రేడియోకూ నియమాలు వేరు, లక్ష్యాలు వేరు. అయినా తరంగం ఇళ్లదాకా చేరే దారి చట్టంతోనూ నేలతోనూ ముడిపడి ఉంటుందని ఈ ఊరికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

నేల సంగతి అంకెల్లో చూడవచ్చు. రెండు మీటర్లు, డెబ్బై సెంటీమీటర్ల బ్యాండ్‌లలో తరంగం దాదాపు చూపు సాగినంత మేరే సాగుతుంది. వాతావరణం దాన్ని కొద్దిగా వంచడాన్ని కూడా కలుపుకుంటే, మీటర్లలో ఎత్తుకు వర్గమూలం తీసి 4.12తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో స్థూలంగా తెలుస్తుంది. నందికొండ ఎత్తు 1,478 మీటర్లు. 2007లో చిక్కబళ్లాపురం విడిపోయేదాకా అదీ కోలారు జిల్లాలోదే. దాని శిఖరం చుట్టుపక్కల నేల కంటే ఆరు వందల మీటర్లు పైన ఉందనుకుని, అక్కడ ఒక రిపీటర్ ఉన్నట్టు ఊహిస్తే దిగంతం దాదాపు నూరు కిలోమీటర్లు. బూదికోట అక్కడికి డెబ్బై కిలోమీటర్లే కాబట్టి కాగితం మీద లోపలే పడుతుంది. అదే రిపీటర్ బెంగళూరులో అరవై మీటర్ల కట్టడం మీద ఉంటే దిగంతం ముప్పై రెండు కిలోమీటర్లు, చేతి సెట్ ఎత్తుకు మరో ఐదు. అరవై దగ్గరి దూరానికి అది చాలదు. ఇంటి కప్పు మీద పన్నెండు మీటర్ల ఎత్తున యాంటెన్నా నిలిపితే లెక్క నలభై ఆరుకు చేరుతుంది, బెంగళూరు పీఠభూమి కొంచెం ఎత్తుగా ఉండడం మరికొంత సాయపడుతుంది, దాంతో ఆ రిపీటర్ వినీవినిపించని అంచు మీద నిలుస్తుంది.

ఇది సమతలానికి చెప్పిన లెక్క. కోలారు నేల సమతలం కాదు; రాతి గుట్టలు లేచిన చోటల్లా వాటి వెనుక నీడ పడుతుంది, గుట్ట ఎక్కితే అదే ఊళ్లో మరో రాష్ట్రం వినిపించవచ్చు. పైగా చలికాలపు తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లబడి పైన వెచ్చని పొర నిలిచినప్పుడు తరంగాలు ఆ పొర కింద చిక్కుకుని మామూలు హద్దు దాటి చాలా దూరం పోతాయి. తూర్పు తీరంలో సముద్రం మీదుగా ఇది మరింత ప్రస్ఫుటం. అలాంటి ఉదయాన వినిపించిన దూరపు రిపీటర్‌ను ఇష్టమైనదిగా జాబితాకెక్కించి, ఏప్రిల్ మధ్యాహ్నం దాన్ని నమ్ముకుంటే నిరాశే మిగులుతుంది. కాబట్టి "వినిపిస్తుంది" అనే ఒక్క మాట నమోదు అనిపించుకోదు. ఏ చోట, ఏ ఎత్తున, ఏ యాంటెన్నాతో, ఏ నెల ఏ వేళ అన్నవి పక్కన ఉన్నప్పుడే ఆ మాటకు అర్థం.

చోటును రాయడానికి హామ్‌లు వాడే మెయిడెన్‌హెడ్ గడుల పద్ధతి కూడా ఇక్కడ ఆసక్తికరంగా తయారవుతుంది. భూగోళాన్ని రేఖాంశం రెండు డిగ్రీలు, అక్షాంశం ఒక డిగ్రీ ఉండే గడులుగా కోసి రెండు అక్షరాలు, రెండు అంకెలతో పేరు పెట్టే పద్ధతి ఇది. 1980లో ఇంగ్లండ్‌లోని మెయిడెన్‌హెడ్ పట్టణంలో జరిగిన సమావేశం పేరు దానికి నిలిచింది. తూర్పు రేఖాంశం 78, ఉత్తర అక్షాంశం 13 డిగ్రీల గీతలు రెండూ ఈ ప్రాంతం మీదుగానే పోతాయి కనుక బెంగళూరు ఎంకే82లో, బూదికోట, కోలారు గోల్డ్ ఫీల్డ్స్ ఎంకే92లో, జిల్లా కేంద్రం కోలారు ఎంకే93లో పడతాయి. ఒక గడి ఈ అక్షాంశం దగ్గర రమారమి 216 కిలోమీటర్ల వెడల్పు, 111 కిలోమీటర్ల ఎత్తు. రిపీటర్ వినికిడి నమోదుకు అది మరీ పెద్ద కొలత. చివర రెండు అక్షరాలు చేర్చిన చిన్న గడి తొమ్మిది కిలోమీటర్లకు నాలుగున్నర కిలోమీటర్ల దాకా దిగుతుంది, అది సరిపోతుంది.

నాలుగు ధోరణులు

నమోదు ఎలా ఉండాలనే విషయంలో హామ్‌ల ఆచరణను నాలుగు ధోరణులుగా విడదీయవచ్చు. ఎవరూ ఒక్కదానికే కట్టుబడి ఉండరు, మొగ్గును బట్టి ఈ విభజన.

లాగ్ చాలు అనేది మొదటి ధోరణి. ప్రతి సంభాషణకూ పక్కన రిపీటర్ పేరు రాస్తే, కొన్నేళ్లకు ఏది ఎంత పనికివచ్చిందో దానంతటదే తేలుతుందని దీని నమ్మకం. దీని బలం క్రమం, తేదీ. బలహీనత ఏమిటంటే విన్నా మాట్లాడనివి, పిలిచినా పలకనివి ఇందులోకి రావు. రిపీటర్ల విషయంలో సగం సమాచారం ఆ మౌనంలోనే ఉంటుంది.

సెట్ మెమరీయే జాబితా అనేది రెండవది. చేతిలో ఉన్నప్పుడు పనికిరాని నమోదు ఎందుకన్నది వీరి ప్రశ్న, దానికి ఎదురు చెప్పడం కష్టం. చర్ప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పట్టికను కంప్యూటర్‌లో దిద్ది, పలు కంపెనీల సెట్లలోకి ఒకే ఫైల్ ఎక్కించడం సులువైంది కూడా. అయితే మెమరీలో ఫ్రీక్వెన్సీకీ ఆఫ్‌సెట్‌కీ టోన్‌కీ ఉన్న చోటు తేదీకి లేదు, కారణానికి లేదు. పేరుకు సైతం చాలా సెట్లలో ఏడెనిమిది ఇంగ్లీషు అక్షరాలే దక్కుతాయి; తెలుగులో రాసుకోవాలంటే పక్కన కాగితం పెట్టుకోవలసిందే.

మూడవ ధోరణి ఉమ్మడి పట్టిక. అమెరికాలో ఏఆర్ఆర్ఎల్ సంస్థ దశాబ్దాల పాటు రిపీటర్ల డైరెక్టరీని అచ్చువేసింది. ఆ తర్వాత రిపీటర్‌బుక్ వంటి ఉమ్మడి పట్టికలు వాడుకరుల సవరణలతోనే పెరిగాయి. వేలమంది కళ్లు ఒకరి కళ్ల కంటే మేలనే వాదం ఇది. రిపీటర్లు కిక్కిరిసి, వాటి మధ్య ఫ్రీక్వెన్సీలు పంచే సమన్వయ సంఘాలు చురుకుగా ఉన్న దేశాల్లో ఈ వాదం నెగ్గుతుంది. భారతదేశంలో రిపీటర్లు క్లబ్బుల మీదా, చాలాచోట్ల ఒకరిద్దరు ఔత్సాహికుల ఓపిక మీదా నడుస్తాయి. బ్యాటరీ పోయినా, కట్టడం యజమాని మారినా అవి ఏ ప్రకటనా లేకుండా ఆగిపోతాయి, పట్టికలోని వరుస మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. నలుగురూ ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకున్న తప్పు నాలుగు సాక్ష్యాలుగా చలామణి కావడం ఈ పద్ధతికి పుట్టు లోపం.

నాలుగవది పరిశీలకుల ధోరణి. వీరు ప్రతి రిపీటర్‌కూ ఒక పుట కేటాయించి, విన్న ప్రతిసారీ తేదీ, చోటు, సెట్ శక్తి, నాణ్యత రాస్తారు. బస్సు దారుల వెంట, గుట్టల మీద పరీక్షిస్తారు. నాణ్యత రాయడంలోనే ఒక మెలకువ ఉంది. నేరుగా మాట్లాడేటప్పుడు సెట్‌లోని సూచిక అవతలివారి బలాన్ని చూపుతుంది. రిపీటర్ ద్వారా వింటే అది చూపేది రిపీటర్ బలాన్ని. అవతలివారి మాట ఎంత స్పష్టంగా రిపీటర్‌ను చేరిందో వెనుక వినిపించే బుసను బట్టి చెవితో తేల్చుకోవాలి. కనుక రెండు కొలతలు వేరువేరుగా ఉండాలి: రిపీటర్ మనకు ఎలా వినిపించింది, మనం రిపీటర్‌కు ఎలా వినిపించాం. రెండవదానికి అవతలివారి మాటే సాక్ష్యం. పట్టికలేవీ ఈ రెండో కొలత ఇవ్వవు, ఇవ్వలేవు.

వర్తకుల లెక్కల్లో ఏ రోజు జరిగింది ఆ రోజు వరుసగా రాసేది చిట్టా, అందులోంచి పేరుపేరునా విడదీసి ఎత్తి రాసేది ఆవర్జా. లాగ్ చిట్టా అయితే పరిశీలకుల పుటలు ఆవర్జా. చిట్టాలో ఆధారం లేని పద్దును ఆవర్జాలో చూస్తే ఏ షావుకారైనా అనుమానిస్తాడు. ఆ దృష్టితో పోల్చితే మొదటి ధోరణిలో చిట్టా ఉంది, ఆవర్జా లేదు. రెండవదీ మూడవదీ చిట్టా లేని ఆవర్జాలు. నాలుగవది మాత్రమే రెండూ ఉంచుతుంది, అందుకు మూల్యంగా ఓపికను అడుగుతుంది. మెమరీ వేగంలో, పట్టిక విస్తృతిలో, లాగ్ క్రమంలో గెలుస్తాయి. నిజం తేల్చే విషయంలో పరిశీలకుల పద్ధతికి సాటి లేదని ఒప్పుకోవలసిందే.

డిజిటల్ రిపీటర్లు తెచ్చిన చిక్కు

పైన చెప్పినదంతా ఎఫ్‌ఎం రిపీటర్ల గురించి. ఇంటర్నెట్ ద్వారా రిపీటర్లను కలిపే ఐఆర్ఎల్‌పీ 1997లో, ఎకోలింక్ 2002లో వచ్చాక రిపీటర్‌కు నోడ్ సంఖ్య అనే కొత్త గుర్తింపు చేరింది. ఆ తర్వాత జపాన్ హామ్‌ల సంస్థ రూపొందించిన డీ-స్టార్, యూరప్ ప్రమాణాల సంస్థ వాణిజ్య అవసరాలకు చేసిన డీఎంఆర్, ఒక జపాన్ కంపెనీ తెచ్చిన ఫ్యూజన్ ఒకదాని మాట ఒకటి అర్థంచేసుకోని భాషలుగా స్థిరపడ్డాయి.

డీఎంఆర్‌లో ఒకే ఫ్రీక్వెన్సీ మీద కాలాన్ని రెండు ముక్కలుగా కోసి రెండు సంభాషణలు నడుపుతారు. ఆ ముక్కను టైమ్ స్లాట్ అంటారు. పక్క రిపీటర్‌తో కలవకుండా సున్నా నుంచి పదిహేను దాకా ఒక కలర్ కోడ్, ఎవరెవరు కలిసి వినాలో తేల్చే టాక్ గ్రూప్, ప్రతి హామ్‌కూ ఏడంకెల ఐడీ ఉంటాయి. భారతదేశపు ఐడీలు సాధారణంగా దేశపు మొబైల్ కోడ్ 404తో మొదలవుతాయి. ఈ వివరాలన్నీ కూర్చిన ఫైల్‌ను కోడ్‌ప్లగ్ అంటారు, దాన్ని మొదటినుంచి తయారుచేయడం శ్రమ. అందుకే ఒకరి కోడ్‌ప్లగ్ మరొకరు అడిగి తెచ్చుకోవడం ఆనవాయితీ అయింది. దాంతో పాటు పాతవారి ఐడీ కూడా వచ్చి, మార్చడం మరచిపోతే కొత్తవారి మాట పాతవారి పేరు మీద వెళుతుంది. ఇష్టాల జాబితా వ్యక్తిగతమా, ఉమ్మడి సొత్తా అనే పాత వాదం ఇక్కడ సాంకేతిక సమస్యగా మారి కూర్చుంది.

అంతకంటే లోతైన సమస్య మరొకటి. ఇంటర్నెట్ ద్వారా వేరే ఖండపు మాట ఊరి రిపీటర్‌లో వినిపిస్తుంటే, నమోదులో రాయవలసింది రిపీటర్‌నా, టాక్ గ్రూప్‌నా? కొందరికి ఇష్టమైనది చోటు, మరికొందరికి కూటమి. రెండూ ఒకే పుటలో కలిపి రాసినవారికి రిపీటర్ ఆగిన రోజు ఏది పోయిందో తెలియదు. రిపీటర్‌కు ఒక పుట, టాక్ గ్రూప్‌కు వేరే పుట ఉండాలన్న పక్షమే ఈ సమీక్షకు సబబుగా కనిపిస్తున్నది.

కక్ష్యలోని రిపీటర్లు

శ్రీహరికోట నుంచి 2005 మే 5న పీఎస్ఎల్‌వీ-సీ6 రాకెట్ కార్టోశాట్-1తో పాటు హామ్‌శాట్‌ను కక్ష్యలో పెట్టింది. నలభై రెండున్నర కిలోల ఆ చిన్న ఉపగ్రహం డెబ్బై సెంటీమీటర్ల బ్యాండ్‌లో విని రెండు మీటర్లలో తిరిగి పంపే ట్రాన్స్‌పాండర్‌గా, వీఓ-52 అనే పేరుతో 2014 జులై దాకా ప్రపంచ హామ్‌లకు సేవ చేసింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని రిపీటర్ 2020 సెప్టెంబరు నుంచి 145.990లో విని 437.800 మెగాహెర్ట్జ్‌లో పలుకుతోంది, 67 హెర్ట్జ్ టోన్ అడుగుతుంది. ఇవి కొన్ని నిమిషాలు మాత్రమే దిగంతం మీద ఉంటాయి. వీటి నమోదులో వేళకూ దిక్కుకూ ఉన్న విలువ ఎత్తుకు లేదు. ఆగిపోయిన హామ్‌శాట్ పుటను చింపేయకుండా ఉంచినవారి నమోదులే ఆ ఉపగ్రహపు ప్రజా చరిత్ర.

విపత్తు రోజున

సొంత నమోదుల విలువకు గట్టి పరీక్ష విపత్తు. హైదరాబాద్‌లో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ నాయకత్వంలో 2004 డిసెంబరులో అండమాన్ వెళ్లిన బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉండగానే 26న సునామీ వచ్చింది. ద్వీపాల నుంచి ప్రధాన భూభాగానికి వార్తలు మోసింది వారి షార్ట్‌వేవ్ స్టేషన్, రిపీటర్ కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు మొబైల్ టవర్లు మూగబోయి హామ్‌ల సేవలు అవసరమయ్యాయి. టవర్‌ను కూల్చగల గాలి రిపీటర్ స్తంభాన్ని కూడా విడిచిపెట్టదు. అందువల్ల ఒక రిపీటర్ పుటలో దానికి బ్యాటరీ ఉందా, కరెంటు పోతే ఎంతసేపు నిలుస్తుంది, అది ఆగితే స్థానిక హామ్‌లు రిపీటర్ లేకుండా నేరుగా కలుసుకునే ఫ్రీక్వెన్సీ ఏది అనే మూడు వరుసలు లేకపోతే, మిగతా వివరాలు ఎంత పొందికగా ఉన్నా ఆ పుట కష్టకాలానికి పనికిరాదు. ఉమ్మడి పట్టికల్లో ఇవి అరుదుగా కనిపిస్తాయి.

ఇంకా తేలనివి

మొదటిది గోప్యత. తనకు ఉద్దేశించని సందేశపు సారాన్ని బయటపెట్టకూడదన్నది రేడియో నియమాల్లో పాత సూత్రం. హామ్‌ల మాటలు బహిరంగమే అయినా, ఎవరు ఏ వేళ ఏ రిపీటర్‌లో ఉంటారో ఏళ్ల తరబడి పోగుచేసిన పుస్తకం ఒక మనిషి దినచర్యను చెప్పేస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వ్యక్తి తన సొంత, గృహ అవసరానికి ఉంచుకునే సమాచారాన్ని మినహాయించింది. అదే ఫైల్‌ను క్లబ్బులో పంచితే ఆ మినహాయింపు ఎంతవరకు వర్తిస్తుందన్నది స్పష్టం కాలేదు. రిపీటర్ గురించిన పుటలో మనుషుల కాల్‌సైన్లు, అంటే హామ్‌లను గుర్తించే సంకేతనామాలు, రాయకపోవడం, వాటిని లాగ్‌కే పరిమితం చేయడం ప్రస్తుతానికి క్షేమం.

రెండవది రిపీటర్ చిరునామా. కచ్చితమైన చోటు తెలిస్తే దిగంతపు లెక్కలు కుదురుతాయి. అదే సమాచారం బ్యాటరీ దొంగలకూ దారి చూపుతుంది. చిన్న గడి దాకా రాసి ఆపాలనేవారూ, సొంత పుస్తకంలో అంత దాపరికం ఎందుకనేవారూ ఉన్నారు. మూడవది కాలం చెల్లడం: ఎన్నాళ్లు వినిపించకపోతే ఒక రిపీటర్‌ను ఆగినట్టు రాయాలో ఏకాభిప్రాయం లేదు, బహుశా ఉండనక్కరలేదు కూడా, చివరిసారి విన్న తేదీ, ఆ తర్వాత పిలిచినా పలకని తేదీలు రెండూ ఉంటే చదివేవారే తేల్చుకోగలరు.

నాలుగవది ఆకృతి. చర్ప్ పట్టికలో చోటు లేనిది ఏడీఐఎఫ్‌లో ఉంది, అందులో లేనిది కోడ్‌ప్లగ్‌లో ఉంది, వినికిడి పరిశీలనకు మూడింటిలోనూ సరైన గడి లేదు. అందరూ అంగీకరించే ఆకృతి వచ్చేదాకా గీతలు గీసిన నోటు పుస్తకమో, మామూలు స్ప్రెడ్‌షీటో మిగిలిన దారి.

కోలారు జిల్లాలోనూ సరిహద్దుకు అటూఇటూ ఉన్న చిత్తూరు, కృష్ణగిరి ప్రాంతాల్లోనూ కొత్తగా లైసెన్సు పొందే హామ్‌లకు ఒక విన్నపం: ఎక్కడినుంచో ఎత్తి రాసిన వివరాలను పెన్సిల్‌తో, స్వయంగా విన్నవాటిని సిరాతో రాయండి, సిరాతో రాసిన ప్రతి వరుసకూ తేదీ, చోటు, సెట్ శక్తి జోడించండి, పెన్సిల్ వరుసలను విని తేల్చుకునేదాకా ఎవరికీ ఇవ్వకండి.